ముందు ఏరియా, తర్వాతే హోటల్: వైజాగ్ వచ్చే మా చుట్టాలకి నేను చెప్పేది

సీతమ్మధారలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాటు. మేమిద్దరం, మా అత్తగారు, ఇంటర్ చదివే అబ్బాయి. చుట్టాలొస్తే పడుకోబెట్టడానికి హాలు తప్ప చోటు లేదు, ఆ సంగతి చుట్టాలకీ తెలుసు. అందుకే దసరా సెలవులు దగ్గరపడుతుంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "వదినా, పిల్లల్ని తీసుకుని రెండు రోజులు వైజాగ్ వద్దామనుకుంటున్నాం. బీచ్ పక్కన మంచి హోటల్ ఒకటి చెప్పు" అని. నన్నే అడగడానికి ఇంకో కారణం ఉంది. నేను టాక్స్ ప్రాక్టీషనర్‌ని. ద్వారకానగర్‌లో చిన్న ఆఫీసు. నా క్లయింట్లలో లాడ్జిలు, చిన్న హోటళ్ళు కొన్ని ఉన్నాయి. వాళ్ళ బిల్లులు, జీఎస్టీ రిటర్నులు చూసేది నేనే. కౌంటర్‌కి ఇవతల నిలబడ్డవాళ్ళకి తెలియని సంగతులు కొన్ని, అవతల కుర్చీ వేసుకుని కూర్చుంటే తెలుస్తాయి.

అయినా హోటల్ పేరు మాత్రం వెంటనే చెప్పను. ముందు నేనే ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఏ రైలుకి వస్తున్నారు, ఎన్నింటికి దిగుతారు? ఎవరెవరు వస్తున్నారు, అందులో మోకాళ్ళ నొప్పులు ఎవరికి? అరకు వెళ్తారా? సింహాచలం ఏ రోజు? ఇవి తేలితే ఏ ఏరియాలో దిగాలో దానంతట అదే తేలిపోతుంది. ఆ తర్వాత హోటల్ చూసుకోవడం అరగంట పని. మనవాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు. యాప్‌లో స్విమ్మింగ్ పూల్ ఫొటో చూసి డబ్బు కట్టేసి, అది ఊళ్ళో ఏ మూల ఉందో ఆనక వెతుక్కుంటారు.

ఏ ఏరియాలో దిగాలి

వైజాగ్‌లో ఒక పక్క సముద్రం, మధ్యమధ్యలో కొండలు. ఊరు బీచ్ వెంట అటు భీమిలి దాకా, హైవే వెంట ఇటు గాజువాక దాకా సాగిపోయింది. యాప్‌లో 'విశాఖపట్నం' అని కొడితే గాజువాక హోటలూ వస్తుంది, మధురవాడ హోటలూ వస్తుంది, ఆర్కే బీచ్‌దీ వస్తుంది. ధర తక్కువని గాజువాకలో దిగారనుకోండి, స్టీల్‌ప్లాంట్ పని మీద వచ్చినవాళ్ళకైతే అది బాగానే ఉంటుంది. పిల్లలతో బీచ్ చూద్దామని వచ్చినవాళ్ళకి మాత్రం గది అద్దెలో మిగిలిన డబ్బంతా ఆటోలకీ క్యాబ్‌లకీ అయిపోతుంది.

ముసలివాళ్ళు, పిల్లలు కలిసి రెండు రాత్రులకి వస్తే నేను మొదట చూడమనేది ద్వారకానగర్, ఆశీల్‌మెట్ట, సిరిపురం చుట్టుపక్కల. ఇక్కడ సముద్రం కనపడదు. కానీ రైల్వే స్టేషన్ రెండు మూడు కిలోమీటర్లు, ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే బస్టాండు, పక్కనే, బీచ్‌కి ఆటోలో పావుగంట. రాత్రి పదిన్నరకి పిల్లాడికి జ్వరమొస్తే మందుల షాపు తెరిచే ఉంటుంది. పొద్దున్నే టిఫిన్‌కి నాలుగడుగులు వేస్తే చాలు, ఇడ్లీ కావాలన్నవాళ్ళకి ఇడ్లీ, పెసరట్టు కావాలన్నవాళ్ళకి పెసరట్టు. సంపత్ వినాయకుడి గుడి ఉంది, మా అత్తగారి వయసు వాళ్ళకి పొద్దున్న దణ్ణం పెట్టుకుని రావడానికి. ఒక్కటే చూసుకోవాలి: గది మెయిన్ రోడ్డు వైపు కాకుండా సందు వైపు ఇమ్మనండి. కాంప్లెక్స్ దగ్గర బస్సుల హారన్లు తెల్లారకముందే మొదలవుతాయి.

ఆర్కే బీచ్ దగ్గరే ఉండాలని పట్టుబట్టేవాళ్ళు ఉంటారు, తప్పేం కాదు. పొద్దున్నే లేచి సూర్యోదయం చూడొచ్చు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, దాని ఎదురుగా విమానం మ్యూజియం, కాళీమాత గుడి అన్నీ నడిచి తిరగొచ్చు. సాయంత్రం మురీ మిక్చర్ తింటూ ఇసుకలో కూర్చుని, నిద్రొస్తే పిల్లాణ్ణి ఎత్తుకుని గదికి వచ్చేయొచ్చు. కానీ కొన్ని సంగతులు తెలుసుకునే రండి. ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది, మీ క్యాబ్ హోటల్ గేటు దాకా రావడానికే సమయం పడుతుంది. తెల్లవారుజామున వాకింగ్ చేసేవాళ్ళ కోసం బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు. పొద్దున్న రైలుంటే కారు ఎటు వైపు నుంచి వస్తుందో ముందురోజే రిసెప్షన్‌లో అడిగి పెట్టుకోవాలి. 'బీచ్‌కి రెండు నిమిషాలు' అని రాసిన హోటళ్ళలో కొన్ని పాండురంగాపురం వైపు మెరకలో ఉంటాయి. దిగేటప్పుడు రెండు నిమిషాలే, ఎక్కేటప్పుడు మా పెద్దమామయ్య లాంటివాళ్ళకి మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇంకోమాట, ఆర్కే బీచ్‌లో సముద్రం చూడ్డానికే. లోపలికి లాగే కెరటాలు అవి. పాదాలు తడుపుకోవడం వరకే.

పిల్లలు నీళ్ళలో ఆడాల్సిందే అంటే రుషికొండ. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉంటారు, వాళ్ళు హద్దు పెట్టిన చోటే దిగనివ్వాలి. అక్కడి రిసార్టులు బాగుంటాయి, గదిలోంచి సముద్రం నిజంగానే కనపడుతుంది. అయితే ఆర్కే బీచ్ నుంచి పది కిలోమీటర్ల పైనే, స్టేషన్ నుంచి పదిహేను దాకా ఉంటుంది. సొంత కారులో వచ్చేవాళ్ళకి, ఎక్కడికీ తిరగకుండా రెండు రోజులు పడుకుని తిని వెళ్దామనుకునేవాళ్ళకి ఇదే సరైన చోటు. తొట్లకొండ, భీమిలి, సాగర్‌నగర్ వైపు నుంచి జూ, అన్నీ అటే. జగదాంబలో చీరలు కొనాలి, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని చూడాలి, సింహాచలం వెళ్ళాలి అనేవాళ్ళు అక్కడ దిగితే సగం రోజు రోడ్డు మీదే.

చీరలు, పూర్ణా మార్కెట్, అమ్మవారు ఇవే ముఖ్యమైతే జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు పాత హోటళ్ళు చూడండి. గదులు పాతకాలంవి, కానీ కాస్త పెద్దవి. మార్గశిర మాసం గురువారాల్లో మాత్రం బురుజుపేట జనంతో కిక్కిరిసిపోతుంది. చంటిపిల్లలున్నవాళ్ళకి ఎంవీపీ కాలనీ, లాసన్స్‌బే వైపు సర్వీస్ అపార్ట్‌మెంట్లు నయం: గ్యాస్ స్టవ్, ఫ్రిజ్ ఉంటాయి, పాలు కాచుకోవచ్చు, పప్పన్నం వండుకోవచ్చు. తెన్నేటి పార్కు, కైలాసగిరి అక్కడికి దగ్గర. హాస్పిటల్ పని మీద వస్తుంటే మాత్రం ఇదంతా వదిలేయండి, రామ్‌నగర్ అయితే రామ్‌నగర్, ఆరిలోవ హెల్త్ సిటీ అయితే ఆ పక్కనే దిగండి.

రైలు టైం చూడకుండా గది తీసుకోవద్దు

హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లవారుజామునే దిగుతారు. హోటల్ చెక్ ఇన్ మధ్యాహ్నం పన్నెండు. మధ్యలో ఆ ఆరేడు గంటలు పిల్లల్ని, సూట్‌కేసుల్ని పెట్టుకుని ఎక్కడ కూర్చుంటారు? ఈ ఒక్క విషయం మీదే మా చుట్టాల్లో భార్యాభర్తలు చాలాసార్లు పోట్లాడుకున్నారు. దీనికి దారులున్నాయి. 24 గంటల చెక్ ఇన్ ఉన్న హోటల్ చూసుకోవడం ఒకటి. మీరు ఆరింటికి దిగితే మర్నాడు ఆరింటిదాకా ఒక రోజు. పాత లాడ్జిల్లో ఈ పద్ధతి ఇంకా ఉంది. కొత్త హోటల్ అయితే ఫోన్ చేసి, ముందురోజు గది ఖాళీగా ఉంటే ఎర్లీ చెక్ ఇన్ ఇస్తారా, ఎంత తీసుకుంటారు అని అడగాలి. మామూలు రోజుల్లో సగం అద్దెకి ఒప్పుకునేవాళ్ళు ఉంటారు, శనివారం ఒప్పుకోరు. ఇవేవీ కుదరకపోతే స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ ఉంది, టికెట్ కన్ఫర్మ్ అయితే ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ నంబరుతో బుక్ చేసుకోవచ్చు. స్నానాలు చేసి, సామాను క్లోక్‌రూములో పెట్టి, నేరుగా సింహాచలం వెళ్ళిపోవడం నాకు నచ్చిన పద్ధతి. దర్శనం చేసుకుని వచ్చేసరికి చెక్ ఇన్ టైం అవుతుంది.

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయల్దేరే వందే భారత్‌లో వస్తే అర్ధరాత్రి కావస్తుంది. అప్పుడు రుషికొండ దాకా వెళ్ళాలంటే పిల్లలు నిద్రలో తూలుతుంటారు. మొదటి రాత్రి స్టేషన్ దగ్గర దొండపర్తిలోనో, రైల్వే న్యూ కాలనీలోనో చవగ్గా ఒక గది తీసుకుని, పొద్దున్న సముద్రం దగ్గరికి మారండి. ఆలస్యంగా వస్తామని హోటల్‌కి సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాలి. లేకపోతే రారనుకుని మీ గది ఇంకొకరికి ఇచ్చేసే ప్రమాదం ఉంది.

టికెట్ మీద స్టేషన్ పేరు కూడా చదవండి. కొన్ని రైళ్ళు విశాఖపట్నం స్టేషన్‌లోకి రాకుండా దువ్వాడలో ఆగి వెళ్ళిపోతాయి. దువ్వాడ గాజువాక అవతల. అక్కణ్ణుంచి ఊళ్ళోకి రావడానికి ముప్పావుగంట నుంచి గంట వేసుకోండి.

అరకు రైలు, అంటే కిరండూల్ పాసింజర్, ఉదయం ఏడులోపే కదులుతుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టె కోసమైతే చాలా ముందే బుక్ చేసుకోవాలి. ఆ ముందురాత్రి పడక స్టేషన్‌కి దగ్గరలో ఉండాలి, అంతే. రుషికొండలో పడుకుని నాలుగున్నరకి పిల్లల్ని లేపే పని పెట్టుకోకండి.

ఇక తేదీలు. సోమవారం జూకీ, కురుసుర మ్యూజియానికీ సెలవు. ఆది, సోమ రెండు రోజులే ఉండేవాళ్ళు ఆ రెండూ ఆదివారమే ముగించుకోవాలి. డిసెంబర్ 4 నేవీ డే, ఆ సందర్భంగా ఇక్కడ బీచ్‌లో విన్యాసాలు పెడితే ఆ రోజుల్లో బీచ్ రోడ్డు హోటళ్ళు నిండిపోతాయి. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. భక్తితో వచ్చేవాళ్ళకి సరే, ఊరు చూద్దామని వచ్చేవాళ్ళు ఆ రోజులు తప్పించుకుంటే మంచిది. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో మ్యాచ్ ఉంటే మధురవాడ, రుషికొండ వైపు ధరలు అమాంతం పెరుగుతాయి. అరకు సీజన్ నవంబర్ నుంచి సంక్రాంతి దాకా, అప్పుడు శని, ఆదివారాలు వదిలేసి మంగళ, బుధ రండి. అదే గది చాలా తక్కువకి వస్తుంది.

సీ వ్యూ అంటే

మా ఆడపడుచు ఒకసారి 'సీ వ్యూ డీలక్స్' బుక్ చేస్తూ, ఎందుకైనా మంచిది నువ్వొకసారి చూసి చెప్పు అంది. ఆఫీసు నుంచి వస్తూ ఆగాను. నాలుగో అంతస్తు. రిసెప్షన్ కుర్రాడు తలుపు తీసి, కర్టెన్ పక్కకి లాగాడు. ఎదురుగా పక్క బిల్డింగ్ మీది నల్ల వాటర్ ట్యాంకు, దాని పక్కన డిష్ యాంటెన్నా.

"సముద్రం ఏది బాబూ?"

"ఉంటాదండి. ఇటొచ్చి కొద్దిగా వంగి సూడండి మేడమ్."

వంగి చూశాను. ట్యాంకుకీ గోడకీ మధ్య జానెడు నీలం కనపడింది. అబద్ధం అనలేం. కిటికీ తెరిస్తే ఇంకా బాగా కనపడుతుందేమోనని గడియ లాగాను, రాలేదు. ఉప్పు గాలికి గడియ బోల్టుకి అతుక్కుపోయి, పట్టుకుంటే వేళ్ళకి ఎర్రటి తుప్పు పొడి అంటింది. ఏసీ కింద గోడ ఉబ్బి, పెయింట్ పొరలు పొరలుగా లేచి ఉంది. గదిలో వాసన, ఎండని తువ్వాలు మడత పెట్టి బీరువాలో దాచినట్టు. రూమ్ ఫ్రెషనర్ కొట్టారు, ఆ వాసన మీద ఈ వాసన. మా ఆడపడుచుకి అక్కణ్ణుంచే వీడియో కాల్ చేసి చూపించాను. వేరే చోట తీసుకుంది.

బీచ్‌కి ఆనుకుని ఉన్న బిల్డింగులకి ఈ తెగులు తప్పదు. ఏటా రంగులు వేయించి, ఇనప సామాను మార్పిస్తూ ఉండే యజమాని ఉన్నాడా లేదా అన్నదే తేడా. అది స్టార్ల సంఖ్యలో కనపడదు. రివ్యూల్లో కనపడుతుంది, ఎలా చదవాలో తెలిస్తే. మొత్తం రేటింగ్ నేను చూడను. 'కొత్తవి ముందు' అని పెట్టుకుని గత రెండు మూడు నెలలవి చదువుతాను. హోటల్‌వాళ్ళు పెట్టిన ఫొటోలు వదిలేసి, దిగినవాళ్ళు పెట్టినవే చూస్తాను, అందులోనూ బాత్రూం ఫొటోలు. రివ్యూల్లో వెతికే అవకాశం ఉంటే వాసన, లిఫ్ట్, నీళ్ళు, దోమలు అనే మాటలు వెతకండి. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. 'స్టాఫ్ చాలా మంచివాళ్ళు, ఐదు స్టార్లు' అని ఒకే వారంలో వరసగా పది ఉన్నాయంటే అవి ఎలా వచ్చాయో నేను చెప్పక్కర్లేదు. సీ వ్యూకి డబ్బు ఎక్కువ కట్టేముందు మాత్రం ఒక్కటి అడగండి: మంచం మీద కూర్చుంటే సముద్రం కనపడుతుందా, బాల్కనీలోకి వెళ్తేనా, ఆ గది ఫొటో వాట్సాప్‌లో పంపుతారా? నిజంగా ఉన్నవాళ్ళు వెంటనే పంపుతారు.

ఫోన్ చేసి అడగాల్సినవి

యాప్‌లో ఎంత చదివినా ఒక ఫోన్ చేయాల్సిందే. మధ్యాహ్నం మూడు, నాలుగు మధ్య చేయండి. పొద్దున్న చెక్ అవుట్‌ల హడావిడి, సాయంత్రం చెక్ ఇన్‌ల హడావిడి, మధ్యలోనే వాళ్ళకి మాట్లాడే తీరిక.

మొదట మనుషుల లెక్క. ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక బామ్మగారు అని వయసులతో సహా చెప్పాలి. పిల్లలు ఏ వయసు దాకా ఫ్రీ అన్నది హోటల్‌కో రకం. 'ఎక్స్‌ట్రా బెడ్' అంటే చాలాచోట్ల నేల మీద వేసే పరుపే. బామ్మగారు నేల మీంచి లేవగలరా? లేవలేకపోతే మూడు మంచాల గది కానీ, పక్కపక్కన రెండు చిన్న గదులు కానీ అడగండి. ఒక్కోసారి రెండు మామూలు గదులు కలిపినా ఒక ఫ్యామిలీ సూట్ కంటే తక్కువే అవుతుంది, పైగా రెండు బాత్రూములు. పొద్దున్నే అయిదుగురు తయారవ్వాలంటే ఆ రెండో బాత్రూం విలువ తెలుస్తుంది.

తర్వాత మెట్లు. 'లిఫ్ట్ ఉందండి' అంటారు. ఉంటుంది, కానీ లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లెక్కాలి? కింద పార్కింగ్, రిసెప్షన్ మెట్ల పైన, లిఫ్ట్ అక్కణ్ణుంచి, ఇలా కట్టినవి ద్వారకానగర్ సందుల్లో చాలా ఉన్నాయి. కరెంటు పోతే జనరేటర్ మీద లిఫ్ట్ నడుస్తుందా, ఏసీ నడుస్తుందా అని విడివిడిగా అడగండి. 'జనరేటర్ ఉంది' అన్న మాటకి ఫ్యాన్, లైటు మాత్రమే అని అర్థం కావచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఉక్కపోతకి ఫ్యాన్ చాలదు. ఎండ కంటే చెమటే బాధ ఇక్కడ.

బాత్రూం సంగతి సిగ్గుపడకుండా అడగండి. వెస్ట్రన్ కమోడ్ ఉందా, దాని పక్కన పట్టుకోవడానికి ఏమైనా ఉందా. గీజర్ గదిలో ఉందా, లేక ఆరు నుంచి తొమ్మిది దాకానే వేడినీళ్ళు వదులుతారా. అరకు వెళ్ళే రోజు ఐదింటికే స్నానాలు కావాలి మరి. బకెట్, మగ్గు ఉన్నాయా. నవ్వకండి, కొత్త హోటళ్ళలో షవర్ ఒక్కటే ఉంటోంది. మా అత్తగారు షవర్ కింద నిలబడి స్నానం చేయరు, ఆమెకి బకెట్, మగ్గు, కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూలు కావాలి. ముందే చెప్తే పెట్టి ఉంచుతారు. బీచ్ నుంచి వచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి కింద కుళాయి ఉందా అని కూడా నేను అడుగుతాను. లేకపోతే ఇసుకంతా దుప్పట్లలోకే.

ఇంకొకటి, ఇది ఎవరికీ తట్టదు: "ఆ తేదీల్లో మీ హాల్లో ఫంక్షన్ ఏమైనా ఉందా?" కింద ఏసీ హాలు ఉన్న హోటల్లో పెళ్ళో, సంగీతో ఉంటే డీజే దెబ్బకి మూడో అంతస్తులో మంచం అదురుతుంది. లిఫ్ట్ పెళ్ళివాళ్ళకే సరిపోతుంది. పొద్దున్న టిఫిన్ హాల్లో మీకు కుర్చీ దొరకదు. ముహూర్తాల రోజులైతే ఇది తప్పకుండా అడగాలి.

కారులో వస్తుంటే పార్కింగ్ లోపలా, రోడ్డు మీదా. డ్రైవర్ పడుకోవడానికి చోటుందా. బయటి భోజనం గదికి తెచ్చుకోనిస్తారా. మాట్లాడినాయన పేరు అడిగి రాసుకోండి, ఒప్పుకున్నవన్నీ హోటల్ వాట్సాప్ నంబరుకి ఒక మెసేజ్ పెట్టండి. రేపు కౌంటర్‌లో ఇంకో మనిషి ఉంటాడు.

డబ్బు దగ్గర

యాప్‌లో కనపడే ధర చివరి ధర కాదు, పన్ను కలిపాక ఎంతో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 ఉండేది. ఆ 7,500 దాటితే 18 శాతం. దీంట్లో ఒక తమాషా ఉంది. 7,400 గదికి పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గదికి 8,968. అద్దెలో తేడా రెండొందలు, బిల్లులో దాదాపు పన్నెండు వందలు. ఆ గీతకి కాస్త పైన ఉన్న గది మీద మనసుపడితే, 7,500కి ఇస్తారేమో బేరమాడండి, వాళ్ళకీ లెక్క తెలుసు. 5 శాతంలో ఇన్‌పుట్ క్రెడిట్ (హోటల్ కోసం కొన్నవాటి మీద కట్టిన పన్నుని తగ్గించుకునే వీలు) లేదని యజమానులు నా దగ్గర మొర పెట్టుకుంటూ ఉంటారు, అది వాళ్ళ గొడవ. మీ బిల్లులో ఇంకా 12 శాతం అని ఉంటే మాత్రం అక్కడే అడగండి. 'బిల్లు వద్దంటే తగ్గిస్తాం' అంటే ఒప్పుకోకండి. పన్ను మాట అటుంచి, బిల్లు లేకపోతే రేపు ఏదైనా గొడవైతే మీరు అక్కడ దిగినట్టే ఆధారం ఉండదు.

యాప్‌లో చూసిన గదికి నేరుగా ఫోన్ చేసి "డైరెక్ట్‌గా అయితే ఎంత?" అనండి. యాప్‌కి కట్టే కమిషన్ మిగులుతుంది కాబట్టి కొందరు తగ్గిస్తారు, తగ్గించకపోయినా ఎర్లీ చెక్ ఇన్‌కో, ఎక్స్‌ట్రా బెడ్‌కో ఒప్పుకుంటారు. కొందరు ఏమీ ఇవ్వరు, అప్పుడు యాప్‌లోనే చేసుకోండి. అడ్వాన్స్ పంపాల్సి వస్తే హోటల్ పేరు మీదున్న ఖాతాకే పంపండి. ఫోన్ నంబరు కూడా హోటల్ సొంత వెబ్‌సైట్‌లోదో, మ్యాప్‌లో ఏళ్ళ తరబడి ఉన్నదో అయ్యుండాలి. వెతికితే ముందొచ్చే ప్రకటనల్లో నకిలీ నంబర్లు ఉంటాయి.

అక్టోబర్, నవంబర్ నెలల్లో వచ్చేవాళ్ళు వంద, రెండొందలు ఎక్కువైనా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్న గదే తీసుకోండి. మాకు తుఫానుల కాలం అది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉంది. అంతటిది ఏటా రాదు, కానీ వాయుగుండం బలపడితే రైళ్ళు రద్దవుతుంటాయి. డబ్బు వెనక్కి రాని గది తీసుకుని, రైలు రద్దైపోతే ఆ టెన్షన్ మీకే.

'బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ' అన్నది ఇద్దరికేనా, అందరికా అని చూసుకోండి. అరకు వెళ్ళే రోజు ఎలాగూ తినరు. ప్యాక్ చేసి ఇస్తారా అని ముందురోజు రాత్రి అడిగితే కొందరు బ్రెడ్, అరటిపండ్లు ఇస్తారు. నన్నడిగితే టిఫిన్ లేని గది చవగ్గా తీసుకుని బయట తినడమే రుచి.

దిగాక

పెద్దవాళ్ళందరి ఐడీలు చేతిలో పెట్టుకోండి. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అదివ్వండి.

గదిలోకి వెళ్ళగానే సూట్‌కేసులు తెరవద్దు, పిల్లల్ని మంచం ఎక్కనివ్వద్దు. ముందు ఏసీ వేసి పది నిమిషాలు చూడండి. ఈలోగా గీజర్ వేయండి, ఫ్లష్ నొక్కండి, దుప్పటి తీసి కింద పరుపు చూడండి, లోపలి గడియ సరిగ్గా పడుతోందా చూడండి, మెట్లు ఎటున్నాయో ఒకసారి బయటికి వెళ్ళి చూసి రండి. ఏదైనా నచ్చకపోతే అప్పుడే మార్చమనాలి. దుప్పటి నలిగాక, బాత్రూం తడిశాక అడిగితే వాళ్ళకి ఇబ్బంది, మొహమాటంతో మీరూ సర్దుకుపోతారు. కిందకి ఫోన్ చేయకుండా స్వయంగా వెళ్ళి నవ్వుతూ అడిగితే తొందరగా పని అవుతుంది. ఖాళీ గదులు ఏవో ఆ కుర్రాడికి తెలుసు.

చెక్ అవుట్ పన్నెండుకి, హైదరాబాద్ వెళ్ళే గోదావరి సాయంత్రం ఐదు దాటాక. ఆ మధ్య సమయానికి సామాను రిసెప్షన్‌లో ఉంచుకోనిస్తారా, టాయిలెట్ వాడుకోనిస్తారా అని ముందే మాట్లాడుకోండి. చాలామంది ఒప్పుకుంటారు. బ్యాగులు వరసగా పెట్టి ఫొటో తీసుకోండి, బంగారం, మందులు, టికెట్లు వాటిలో ఉంచకండి. భోజనం చేసి, జగదాంబలో కొనాల్సినవి కొనుక్కుని నాలుగింటికల్లా వచ్చి సామాను తీసుకుంటే స్టేషన్‌కి హాయిగా చేరతారు. వైజాగ్ స్టేషన్‌లో మీ ప్లాట్‌ఫాం ఏ వైపో, జ్ఞానాపురం వైపో మెయిన్ గేటు వైపో, ఆటో ఎక్కేముందే చూసుకుని చెప్పండి.